లేదన్న లెక్క

ఉరవకొండ ఆసుపత్రి స్టోరు రిజిస్టరులో
పాముమందుకని పది పేజీలు వదిలినా.
పోయినేడు ఆరు పేజీలు తెల్లగానే మిగిలినాయి.

ఎందుకు మిగిలినాయంటే,
సెప్టెంబరు ఆఖర్లో సీసాలు అయిపోయినాయి.
చెనిక్కాయ పీకేది అప్పుడే.
పీకిన చెట్లు కుప్పేస్తే
కుప్ప కింద చల్లగా ఉంటాదని
రక్తపింజరి కూడా కూలోళ్ల మాదిరే
నీడ వెతుక్కుంటాది.

ఆ రెండు నెలల్లో పదకొండు మంది వచ్చినారు.
ఒకాయన పంచె అంచు చించి కాలికి కట్టుకొని,
ఒక పిల్లోడు చచ్చిన పామును బకెట్లో తెచ్చి
మూత తీసి మరీ చూపించినాడు,
మేం నమ్మమేమోనని.
"ల్యాదు, అనంతపురం పోండి."
పదకొండు సార్లూ చెప్పింది నేనే.
యాభై కిలోమీటర్ల పైమాటే.
సుంకమ్మకు కూడేరు దాటినాక
చిగుళ్లలోంచి రక్తమొచ్చిందంట.
అంబులెన్సు డ్రైవరు అంతవరకే చెప్పి
టీ తాగకుండానే పోయినాడు.

రిజిస్టరులో సుంకమ్మ లేదు.
ఆమెకు మేమేమీ ఇవ్వలేదు గదా.
ఇవ్వనిది రాసేకి గడి లేదు.
రాక, వాడకం, నిల్వ: మూడే గడులు.
అక్టోబరు వాడకం సున్నా.
నవంబరు వాడకం సున్నా.

ఈ యేడు ఆగస్టులో కాగితమొచ్చింది:
"గత సంవత్సరపు వాడకాన్ని పరిశీలించగా
మీ కేంద్రంలో అవసరం తగ్గినట్లు గమనించడమైనది.
కావున ఇరవై సీసాలు."

కాగితం మడిచి సంచిలో పెట్టుకొని
అనంతపురం పోయినా.
సీనియర్ అసిస్టెంటు కుళ్లాయప్ప
కండ్లద్దాలు నుదిటి మీదికెత్తి విన్నాడు.
పెన్సిల్‌తో నేను గీసుకున్న నాలుగో గడి చూపించినా.
వచ్చినారు, ల్యాదన్నాం: పదకొండు.
"ఈ గడి ఫార్మాట్లో లేదమ్మా" అన్నాడు,
ఎగతాళిగా కాదు,
నొప్పి ఎక్కడుందో చూపించలేని రోగి మాదిరి.

తర్వాత తన కాగితాన్నే నా దిక్కు తిప్పినాడు.
"దుడ్డు ఇంతే.
డయాలిసిస్ సూదులకు ఇంత.
బాలింతల రక్తం సంచులకు ఇంత.
కుక్కకాటు టీకాలు. అవి సగమే వచ్చినాయి.
గుంతకల్లోళ్లు ఇన్సులిన్ కోసం
మూన్నెల్ల నుంచి రాస్తానే ఉన్నారు.
నీ పదకొండు మందికి ఎవరి గడిలోంచి తియ్యమంటావు?
నువ్వే కొట్టెయ్."
ఎర్ర పెన్ను మూత తీసి ఇచ్చినాడు.

ఇన్సులిన్ మీద పెట్టినా.
గుంతకల్లులో మా చిన్నత్త ఉంది.
అక్కడ్నుంచి తీసి సూదుల మీద పెట్టినా.
ఆ సూదులోళ్ల పేర్లు నాకు తెలీవు.
తెలియనోళ్ల మీద పెన్ను
ఎంత నున్నగా జారుతుందో చూసి
మూత పెట్టి ఇచ్చేసినా.

ఆయన ఏమీ అనలేదు.
ఇరవై సీసాలకు నాతో సంతకం పెట్టించుకొని
అట్టపెట్టెకు తానే పురికోస కట్టినాడు.

సాయంత్రం బస్సులో ఓబులేసు సారు ఫోను.
నాకు ఉద్యోగం నేర్పించి రిటైరైన మనిషి.
"పిచ్చిదానా, మార్చిలోగా అన్నీ వాడినట్లు రాసెయ్.
కాలవలో పోసినా సరే.
ఖర్చయితేనే మళ్లీ వస్తాయి."
ఆయన చెప్పేది నిజమే.
ఒళ్లో పెట్టె సర్దుకున్నా.
ఒక మనిషికి మొదట పట్టేది పది సీసాలు.
అంటే ఇద్దరు.
గుంతలో చక్రం పడినప్పుడల్లా
ఇద్దరూ గలగలమంటున్నారు.

కండక్టరు వంగి అడిగినాడు,
"ఏముందక్కా దాంట్లో? లగేజీ కొట్టాలా?"
"మందులన్నా."
"పోనీలే" అని ముందుకు పోయినాడు.

కూడేరు దాటినాక రోడ్డు పక్క చేనులో
సెల్‌ఫోన్ లైటు నోట కరచుకొని
ఎవరో కుప్ప తిరగేస్తున్నారు.
కాళ్లకు చెప్పులున్నాయో లేవో
కిటికీలోంచి చూసేలోపు
బస్సు దాటిపోయింది.